రెండు తీరముల నవలాకారుడు

విదేశ రచయితలను గురించి ప్రసంగింపవలసి వచ్చినప్పుడు మాకు మొట్టమొదట ఎదురగు చిక్కు వారి పేర్లను పలుకుట. అచ్చులో కంటికి కనిపించు అక్షరములు ఒక తీరు, ఆ దేశమువారి నాలుకపై ఆడు శబ్దము మరియొక తీరు. ఐర్లండు దేశపు పేర్లలో ఈ చిక్కు మరింత హెచ్చు. నేడు మేము పరిచయము చేయదలచిన నవలాకారుని పేరును మన లిపిలో కొలమ్ తోబీన్ అని వ్రాసుకొన్నచో అసలు ఉచ్చారణకు చాలవరకు దగ్గరగా ఉండును.

తోబీన్ ప్రస్తుత ఐరిష్ సాహిత్యములో అగ్రశ్రేణికి చెందిన రచయిత. 2022 మొదలు 2024 వరకు ఆ దేశపు 'కథాసాహిత్య ఆస్థాన రచయిత' పదవిని అలంకరించినవారు. ఐర్లండుకు ఆగ్నేయ దిక్కున, సముద్రపుటంచున ఉన్న బాలీకానిగర్ అను పల్లెపట్టున ఆయనకు ఒక ఇల్లు ఉన్నది. అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల, న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయములో ఆయన ఏండ్ల తరబడి ఆచార్యుడుగా పాఠములు చెప్పినారు. డబ్లిన్‌లోను, లాస్ ఏంజిలిస్‌లోను కూడ ఆయనకు నివాసములు ఉన్నవి. ఇట్లు మహానగరములలో మసలిన మనిషి నవలలు తెరచి చూచినచో, వానిలో పెక్కింట మనకు కనిపించునది పది మైళ్ళ పరిధిని మించని ఒక చిన్న పట్టణము, దానికి చేరువనున్న ఒక ఇసుక తీరము.

ఇచట రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. ఆ తీరముపై అంత మమకారము ఉన్నచో, ఆయన అక్కడనే ఉండిపోలేదేమి? నగరములే నచ్చినచో, కలము మరల మరల ఆ తీరమునకే పోవుట ఎందువలన? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము ఒకటేనని మా అభిప్రాయము. దానిని వివరించుటకు ముందు ఆ తీరము ఎట్టిదో చూడవలసి ఉన్నది.

కరగిపోవు నేల

వెక్స్‌ఫర్డ్ అను జిల్లాలో స్లేనీ నది ఒడ్డున ఎనిస్కార్తి అను పట్టణము ఉన్నది. 1955 మే 30వ తేదీన తోబీన్ అచట జన్మించినారు. పట్టణము చిన్నదే కాని చరిత్ర పెద్దది. ఊరిని ఆనుకొని ఉన్న వినిగర్ కొండపై 1798లో ఐరిష్ తిరుగుబాటుదారులు ఆంగ్లసేనలతో పోరాడి ఓడిపోయినారు. 1916 నాటి ఈస్టరు తిరుగుబాటులో డబ్లిన్ వెలుపల ఆయుధములు పట్టిన కొలది ఊళ్ళలో ఎనిస్కార్తి ఒకటి. తోబీన్ తాతగారు ఆ తిరుగుబాటులో పాల్గొన్నవారు. తండ్రి ఉపాధ్యాయుడు, స్థానిక చరిత్రపై ప్రీతి కలవాడు. ఊరిలోని పాత కోటను వస్తుప్రదర్శనశాలగా మార్చుటలో ఆయనకు పాత్ర ఉన్నది.

వేసవి వచ్చినదన్న ఈ కుటుంబము సముద్రతీరమునకు తరలిపోయెడిది. ఎనిస్కార్తికి తూర్పున సుమారు పది మైళ్ళ దూరములో, బ్లాక్‌వాటర్ గ్రామమునకు సమీపమున, కుష్ అను చోటు ఉన్నది. మట్టి దారులు, కంచెలు, పొలములు, వాని చివర ఉన్నట్లుండి నేల తెగిపోయి క్రింద ఇసుక, ఆపైన ఐరిష్ సముద్రము. పిల్లలకు ఆ వేసవులే లోకము.

ఆ నేలను గురించి ఒక మాట చెప్పవలెను. ఐర్లండు పడమటి తీరము అట్లాంటిక్ అలల పోటుకు ఎదురు నిలిచిన రాతి గోడ. చూచుటకు భయంకరముగా ఉండును కాని తేలికగా చెక్కుచెదరదు. తూర్పుననున్న ఈ వెక్స్‌ఫర్డ్ తీరము అట్టిది కాదు. వేల ఏండ్ల క్రిందటి మంచుయుగములో హిమనదులు కరగిపోవుచు విడిచిపోయిన బంకమన్ను, ఇసుక, గులకరాళ్ళు కలిసి ఏర్పడిన మెత్తని గట్టు అది. చలికాలపు తుఫానులలో అలలు వచ్చి గట్టు అడుగుభాగమును తొలుచును. పైననుండి వాననీరు ఇంకి మట్టి బరువెక్కును. అడుగున ఆధారము లేక, పైన బరువు మోయలేక, గట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి క్రిందపడును. పడిన మట్టిని తరువాతి పోటు కడిగి తీసికొనిపోవును. ఆపై మరల అడుగు తొలుచుట మొదలగును. నిరుడు నడచిన దారి ఈ ఏడు ఉండదు. గట్టు అంచున కట్టిన ఇల్లు ఒక తరములో పెరటిని పోగొట్టుకొనును, మరు తరములో గోడలను పోగొట్టుకొనును.

1992లో వెలువడిన 'ది హెదర్ బ్లేజింగ్' అను నవలలో ఈ కోతయే కథకు వెన్నెముక. ఏమన్ రెడ్మండ్ అను న్యాయమూర్తి ఏటేట వేసవి సెలవులలో కుష్‌కు వచ్చుచుండును. న్యాయపీఠముపై ఆయన మాటకు తిరుగు లేదు. సెలవులలో మాత్రము, తాను బాల్యమునుండి ఎరిగిన గట్టు తన కన్నుల ఎదుటనే తరగిపోవుచుండగా చూచుచు నిలుచుండుట తప్ప ఆయన చేయగలిగినది లేదు. ఆయన భార్యతో సైతము మనసు విప్పి మాటాడలేని మనిషి. ఆమె పోయిన తరువాతగాని, తాను పలుకక దాచుకొన్న మాటలెన్నియో ఆయనకు తెలిసిరాలేదు.

మాట ఆగిన ఇల్లు

ఈ పలుకని మాటలు తోబీన్ బాల్యమునుండి వచ్చినవి. ఆయనకు ఎనిమిదేండ్ల వయస్సులో తండ్రి తీవ్రముగా జబ్బుపడినాడు. తల్లి భర్తకు పరిచర్య చేయుటకై ఆసుపత్రి ఉన్న ఊరికి పోవుచు, కొలమ్‌ను, అతని తమ్ముని కొన్ని నెలలపాటు బంధువుల ఇంట విడిచినది. ఎందుకు విడిచిపోవుచున్నదో, ఎప్పుడు వచ్చునో పిల్లలకు ఎవరును చెప్పలేదు. ఆ రోజులలోనే కొలమ్‌కు నత్తి పట్టుకొన్నది. తండ్రి కొంత కోలుకొని మరల బడికి వెళ్ళినాడు కాని, 1967లో, కొలమ్ పండ్రెండేండ్ల బాలుడుగా ఉన్నప్పుడు, మరణించినాడు. ఆ మరణముతో కుష్ వేసవులు కూడ ముగిసినవి. కుటుంబము మరల ఆ తీరమునకు పోలేదు. తండ్రిని గురించి ఆ ఇంటిలో మాటాడుకొనుట కూడ అరుదైపోయినది.

రేడియో పనిలో ఉన్న మాకు నిశ్శబ్దమన్న భయము. ప్రసారము మధ్యలో కొన్ని క్షణములు శబ్దము ఆగిపోయినచో మా గుండెలు కూడ ఆగినంత పని అగును. శ్రోత మీట త్రిప్పునేమోనని బెంగ. తోబీన్ నవలలు చదువునప్పుడు మాకు ఆశ్చర్యము కలిగించినది ఇదియే. ఆయన నిశ్శబ్దమునకు భయపడరు. ఇద్దరు మనుష్యులు ఒక గదిలో కూర్చుండి టీ త్రాగుచు వాతావరణమును గురించి మాటాడుకొందురు. చెప్పుకొనవలసిన అసలు సంగతి మాత్రము ఇద్దరి నడుమ కదలక నిలిచి ఉండును. చదువరికి అది స్పష్టముగా వినిపించును. వాక్యములు చిన్నవి, విశేషణములు తక్కువ. అలంకారముల కొరకు వెదకువారికి అచట ఏమియు దొరకదు. మాట ఆగిన ఇంటిలో పెరిగిన పిల్లవాడు, మాట ఎచట ఆగినదో గుర్తుపెట్టుకొని వ్రాసిన వచనము అది.

మొదటి నగరము

డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో పట్టము పుచ్చుకొనిన వెంటనే, 1975లో, ఇరువది ఏండ్ల తోబీన్ స్పెయిన్ దేశములోని బార్సిలోనా నగరమునకు వెళ్ళినారు. ఇంగ్లీషు బోధించుచు అచట మూడేండ్లు గడపినారు. ఆయన చేరిన కొలది వారములకే, ఆ సంవత్సరము నవంబరులో, ముప్పదియారేండ్లు స్పెయిన్‌ను ఏలిన నియంత ఫ్రాంకో మరణించినాడు. అంతవరకు అణచివేతకు గురియైన కాటలాన్ భాష వీధులలో స్వేచ్ఛగా వినబడసాగినది. అణగియున్న నగరము గొంతు విప్పుకొనుచున్న సమయమున, మాట మింగుకొనుటకు అలవాటుపడిన యువకుడు ఒకడు ఆ వీధులలో తిరిగినాడు.

1978లో ఆయన స్వదేశమునకు తిరిగివచ్చి పత్రికారచయిత అయినారు. 1982 మొదలు 1985 వరకు 'మాగిల్' అను ప్రముఖ మాసపత్రికకు సంపాదకత్వము వహించినారు. మొదటి నవల 'ది సౌత్' 1990లో వెలువడినది. దాని కథానాయిక ఒక వివాహిత. 1950లో భర్తను, బిడ్డను, ఎనిస్కార్తి సమీపముననున్న ఇంటిని విడిచి ఆమె బార్సిలోనాకు పోయి చిత్రలేఖనమునకు అంకితమగును.

ఇచట ఒక క్రమము గమనింపదగినది. మొదటి నవలలో ఊరు విడిచి నగరమునకు పోవుట. రెండవదియగు 'ది హెదర్ బ్లేజింగ్'లో నగరమునుండి తీరమునకు మరలి వచ్చుట. అటుపై ముప్పదియేండ్లకు పైగా ఆయన రచన ఈ పోకరాకల నడుమనే సాగినది. 1999లో వెలువడి బుకర్ బహుమతి తుది పరిశీలనకు ఎన్నికైన 'ది బ్లాక్‌వాటర్ లైట్‌షిప్' నవలలో, ఎయిడ్స్ వ్యాధితో మృత్యుముఖములో ఉన్న యువకుడు డబ్లిన్ ఆసుపత్రి విడిచి, తీరముననున్న అమ్మమ్మ ఇంటికి తీసికొనిపొమ్మని కోరును. ఏండ్ల తరబడి ఒకరితో ఒకరు సరిగా మాటాడని అమ్మమ్మ, తల్లి, అక్క ఆ ఇంటి పైకప్పు క్రిందకు చేరుదురు. యువకుని నగర మిత్రులు కూడ వత్తురు. నగరములో అతడు కట్టుకొన్న జీవితమును, తీరములోని పాత కుటుంబమును ఒకరినొకరు చూచుకొనునట్లు చేయుటయే ఆ నవల పని.

సంతాపపు రాత్రి విన్న కథ

తోబీన్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన నవల 'బ్రూక్లిన్'. 2009లో వెలువడి ఆ సంవత్సరపు కోస్టా నవలా బహుమతిని పొందినది. 2015లో చలనచిత్రముగా వచ్చినది. దీని పుట్టుక వినదగినది. 1967లో తండ్రి మరణించిన తరువాత, ఊరివారు రాత్రిపూట ఒక్కొక్కరుగా వచ్చి తల్లిని పలుకరించి పోవుచుండిరి. వారిలో ఒకామె తన కుమార్తెను గురించి చెప్పినది. ఆ పిల్ల బ్రూక్లిన్ వెళ్ళినదట. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, అచట తాను పెండ్లి చేసికొనిన సంగతి దాచినదట. మూలన కూర్చున్న పండ్రెండేండ్ల బాలుడు ఆ మాటలు విన్నాడు. నలువది ఏండ్లకు పైగా ఆ కథ ఆయన లోపలనే ఉన్నది. ఈలోగా ఆయన స్వయముగా అమెరికా విశ్వవిద్యాలయములలో బోధించుటకు పోయి, ఇంటిపై బెంగ ఎట్లుండునో అనుభవించినారు. అప్పటికిగాని ఆ కథ కాగితముపైకి రాలేదు.

ఆ కథకు వెనుక ఒక జాతి అనుభవము ఉన్నది. నేటి ఐర్లండు రిపబ్లిక్కు భాగములో 1841లో సుమారు 65 లక్షల జనము ఉండిరి. కరువులు, వలసలు కలిసి ఆ సంఖ్యను 1961 నాటికి సుమారు 28 లక్షలకు దించినవి. 1951కిని 1961కిని నడుమ, ఒక్క పదేండ్లలోనే, 4 లక్షలకు పైగా మనుష్యులు దేశము విడిచిరి. అధికులు ఇంగ్లండుకు, తక్కినవారిలో పలువురు అమెరికాకు పోయిరి. అప్పటి ఐర్లండులో ఊరిలో పని దొరకని పిల్లను ఓడ ఎక్కించుట వింత కాదు. ఎక్కించనక్కరలేని ఇల్లు ఉండుటయే వింత.

'బ్రూక్లిన్' నాయిక ఏలిష్ లేసీ అట్టి పిల్లయే. ఎనిస్కార్తిలో వారమునకు ఒకరోజు దుకాణములో పని తప్ప ఆమెకు దారి లేదు. అక్క రోజ్, ఒక ఫాదరీ కలిసి ఆమెను బ్రూక్లిన్ పంపుదురు. పొమ్మని ఆమెతో ఎవరును సూటిగా చెప్పలేదు. వలదని ఆమెయు చెప్పలేదు. అచట ఒక బట్టల దుకాణములో కొలువు, ఐరిష్ స్త్రీ నడపు భోజనవసతి గృహములో ఒక గది, సాయంకాలము కళాశాలలో లెక్కల చదువు. ఆకాశహర్మ్యముల వర్ణన కొరకు చూచు పాఠకునికి ఆ నవలలో అవి దొరకవు. ఏలిష్ చూచినంత నగరమే, ఆమెకు అర్థమైనంత మేరకే మనకు కనిపించును. పరాయి ఊరికి క్రొత్తగా పోయినవారు ఎవరైనను మొదట చూచునది అంతే కదా! గది, పనిచోటు, ఆ రెండింటి నడుమ దారి.

ఇంటినుండి ఉత్తరములు వచ్చును. ఆమె జవాబు వ్రాయును. ఆ ఉత్తరములలో క్షేమము ఉండును, దుకాణము కబుర్లు ఉండును. రాత్రులు ఏడ్చిన సంగతి ఉండదు. మరి అటువైపు? అక్క రోజ్‌కు గుండెజబ్బు. ఆ సంగతి ఆమె ఎవరికిని చెప్పలేదు, చెల్లెలికిని వ్రాయలేదు. ఒకనాటి రాత్రి నిద్రలోనే పోవును. ఇరువురును ఒకరినొకరు బాధపెట్టకూడదనియే దాచిరి. ఆ దయయే వారిని చివరి దినములలో ఒకరికొకరు తెలియకుండ చేసినది.

అక్క పోయిన పిమ్మట ఏలిష్ తల్లిని చూడవచ్చును. అప్పటికే ఇటలీ కుటుంబమునకు చెందిన టోనీ అను గొట్టముల పనివానితో ఆమెకు రహస్యముగా వివాహమైనది. ఊరిలో ఎవరికిని చెప్పదు. పూర్వము ఆమెకు దొరకని ఉద్యోగము ఇప్పుడు దొరకును. జిమ్ ఫారెల్ అను మంచి యువకుడు ఆమెను కోరుకొనును. వెక్స్‌ఫర్డ్ తీరపు ఇసుకపై స్నేహితులతో కూర్చున్న ఏలిష్‌కు బ్రూక్లిన్ ఎవరో చెప్పగా విన్న ఊరువలె తోచును. అమెరికాలో ఉన్నప్పుడు ఎనిస్కార్తి నిజము. ఎనిస్కార్తిలో ఉన్నప్పుడు అమెరికా కల. వలసపోయిన మనిషి పడు ఈ అవస్థను ఇంత నిరాడంబరముగా చెప్పిన నవలను మేము వేరొకదానిని ఎరుగము.

చివరకు రహస్యము బయటపడును. ఏలిష్ తల్లికి నిజము చెప్పును. తల్లి కేకలు వేయదు, నిందింపదు. అలసినానని చెప్పి, ఆ రాత్రియే వీడ్కోలు పలికి, తన గదిలోనికి పోయి తలుపు వేసికొనును. ఉదయమున కుమార్తె పెట్టె పట్టుకొని బయలుదేరునప్పుడు ఆ తలుపు తెరచుకొనదు.

మన ఇండ్లలో

ఈ కథ మనకు దూరమైనది కాదు. చదువుల కొరకు, ఉద్యోగముల కొరకు అమెరికా చేరిన తెలుగు బిడ్డలు నేడు లక్షలలో ఉన్నారు. మా శ్రోతల ఇండ్లలో పెక్కింట ఒక గది, ఒక మంచము, గోడపై ఒక పటము వారి కొరకు కాచుకొని ఉన్నవి. ఏలిష్ కాలమున ఉత్తరము చేరుటకు రోజులు పట్టెడిది. నేడు ముఖములు చూచుకొనుచు మాటాడుకొను సాధనములు చేతిలోనికి వచ్చినవి. అయినను ఆ మాటలలో ఏమి ఉండును? ఇచటివారు మోకాళ్ళ నొప్పి చెప్పరు. అచటివారు ఉద్యోగపు భయము చెప్పరు. అన్నము తింటివా అని ఒకరు, మందులు వేసికొంటివా అని మరియొకరు. సాధనములు మారినను దాచుకొనుట మారలేదు. తోబీన్ నవల మనకు నీతి బోధింపదు కాని, రోజ్ మరణమును చదివిన తరువాత ఆ రాత్రి మన పిల్లలతో ఒక్క నిజమైన మాట అధికముగా మాటాడవలెనని తోచక మానదు.

ఇతరుల జీవితములలో తన కథ

తోబీన్ ఇద్దరు మహారచయితల జీవితములను కూడ నవలలుగా వ్రాసినారు. 2004లో వచ్చిన 'ది మాస్టర్' కథానాయకుడు హెన్రీ జేమ్స్. ఆయన అమెరికాలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, లండన్ విడిచి సముద్రమునకు సమీపముననున్న రై అను చిన్న పట్టణములో ఇల్లు తీసికొన్నవాడు. ఈ నవలకు 2006లో డబ్లిన్ అంతర్జాతీయ సాహిత్య పురస్కారము లభించినది. 2021లో వచ్చిన 'ది మెజీషియన్' కథానాయకుడు జర్మన్ నవలాకారుడు థామస్ మాన్. బాల్టిక్ సముద్రతీరమున బాల్యపు వేసవులు గడపిన ఆ మహనీయుడు హిట్లరు పాలన కారణముగా 1933లో స్వదేశమునకు దూరమై, పిమ్మట పసిఫిక్ మహాసముద్రపుటంచున లాస్ ఏంజిలిస్‌లో ఇల్లు కట్టుకొని, అచటనే కూర్చుండి జర్మనీ ఆత్మను గురించిన 'డాక్టర్ ఫాస్టస్' నవలను వ్రాసినాడు.

ఈ ఇద్దరి ఎంపిక యాదృచ్ఛికము కాదని మా ఊహ. బాల్యపు తీరమొకటి, పెద్దతనమున కట్టుకొన్న చోటు మరియొకటి. ఆ రెండింటి నడుమ ఉన్న దూరమే పనిముట్టుగా పనిచేసిన జీవితములు అవి. తన కథను సూటిగా చెప్పుకొనని మనిషి, ఇతరుల ఇండ్ల కిటికీలనుండి తన ఇంటిని చూచుకొన్నాడు.

అమ్మిన ఇల్లు, కట్టిన ఇల్లు

తన ఇంటిని తోబీన్ సూటిగా చూచిన నవల 2014లో వెలువడిన 'నోరా వెబ్స్టర్'. ఎనిస్కార్తిలో ఉపాధ్యాయుడగు భర్తను పోగొట్టుకొని, బిడ్డలతో మిగిలిన తల్లి కథ అది. బిడ్డలలో ఒక పిల్లవానికి నత్తి. ఈ నవలను ఆయన 2000లో మొదలుపెట్టినారు. పూర్తి చేయుటకు పదునాలుగేండ్లు పట్టినది. ఈలోపల ఎన్నియో ఇతర గ్రంథములు వ్రాసినారు కాని, దీనిని మాత్రము కొంచెము కొంచెముగా, చేయి కాలునేమో అన్నట్లుగా వ్రాసినారు. మొదటి అధ్యాయములో సంతాపము తెలుపుటకు వచ్చు స్త్రీ ఎవరో కాదు, ఏలిష్ తల్లి. ఒక నవల గర్భములోనుండి మరియొక నవల ముందుగా జన్మించినదన్న మాట.

నవల ఆరంభములోనే నోరా ఒక నిర్ణయము చేయును. కుష్‌లో తమకున్న వేసవి ఇంటిని అమ్మివేయును. భర్త లేని ఆ తీరమును చూచుటకు ఆమెకు ధైర్యము చాలదు. డబ్బు కూడ అవసరము. పిల్లలకు ఆ సంగతి ఎట్లు చెప్పవలెనో తోచక, చెప్పుటను వాయిదా వేయును.

నవలలోని తల్లి తీరమునందలి ఇంటిని అమ్మినది. జీవితములో కుమారుడు, కుటుంబము తిరిగి అడుగుపెట్టని ఆ తీరమునకే పోయి, చేరువలో బాలీకానిగర్ వద్ద ఇల్లు కట్టుకొన్నాడు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఈ ఒక్క సంగతియే అన్నను తప్పు లేదు. గట్టు ఏటేట తరగునని ఆయనకు తెలియును. ఆ సంగతిని ఆయనకన్న ఎక్కువగా వ్రాసినవారు లేరు. అయినను ఇల్లు కట్టినారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వత్తము. తీరముననే ఉండిపోయినచో, ఆయన ఆ ఇంటి నిశ్శబ్దములో ఒకడుగా ఉండెడివారు. దానిని వినగలిగెడివారు కారు. ధ్వనిని స్పష్టముగా పట్టవలెనన్నచో మైక్రోఫోనును గొంతునకు మరీ దగ్గరగా ఉంచరాదని మా వృత్తిలో మొదట నేర్పెదరు. నగరము ఆయనకు ఆ దూరమును ఇచ్చినది. మరి నగరములే చాలునన్నచో, అచట వినుటకు ఆయనకు తనదియగు ధ్వని లేదు. బార్సిలోనా, న్యూయార్కు ఆయనకు చూపు నిచ్చినవి. చూడవలసిన వస్తువు కుష్‌లో ఉండిపోయినది. రెండును కావలెను. రెండింటిలో దేనికిని పూర్తిగా చెందకపోవుట అందుకు చెల్లింపవలసిన మూల్యము. 2024లో వచ్చిన 'లాంగ్ ఐలండ్' నవలలో ఆ మూల్యమునే మరల లెక్కించినారు. ఏలిష్ ఇరువది ఏండ్ల తరువాత, 1976లో, ఎనిస్కార్తికి తిరిగి వచ్చును. ఊరివారికి ఆమె అమెరికా స్త్రీ. అమెరికాలో అత్తవారికి ఆమె ఐరిష్ స్త్రీ. ఎదిగిన ఆమె బిడ్డలు అమ్మమ్మను చూచుట అదియే మొదటిసారి.

తోబీన్‌ను క్రొత్తగా చదువగోరువారు 'బ్రూక్లిన్'తో ఆరంభించి, 'నోరా వెబ్స్టర్' చదివి, ఆపై 'లాంగ్ ఐలండ్' చేపట్టుట మేలు. కథ ఒక ఇంటినుండి ప్రక్క ఇంటికి నడచినట్లుండును. తొందరపడి చదువదగినవి కావు. సాయంకాలము రేడియో కట్టివేసిన తరువాత, ఇల్లు సద్దుమణిగినప్పుడు చదువదగినవి.

ముగించుటకు ముందు ఒక చిన్న సంగతి. కుష్ తీరమునుండి రాత్రివేళ ఒకప్పుడు సముద్రముపై రెండు వెలుగులు కనిపించెడివి. ఒకటి టస్కర్ శిలపై 1815లో వెలిగించిన దీపస్తంభము. రెండవది ఇసుకమేటల వద్ద లంగరు వేసి నిలిపిన దీపనౌక. 'బ్లాక్‌వాటర్ లైట్‌షిప్' నవలకు పేరు దానినుండియే వచ్చినది. ఆ నవలలోని తల్లి చిన్నప్పుడు ఆ రెండింటిని ఒక జంటగా, ఒకరికొకరు చీకటిలో సైగ చేసికొను వారినిగా భావించెడిది. తరువాత దీపనౌకను తీసివేసినారు. టస్కర్ దీపము మాత్రము నేటికిని వెలుగుచున్నది. కుష్ తీరమున నిలుచుండి చూచువారికి ఇప్పుడు కనిపించునది ఆ ఒక్క వెలుగే.